ఊఁ కొట్టిన గోడ

చోటే సాహెబ్ తన జన్మలో ఏ ఉత్తరంలోనూ "ఆయన", "ఆమె", "వాడు" అని రాసి ఎరగడు. మనిషి ఊసు ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లూ పేరు పడవలసిందే. పందొమ్మిది వందల అరవై ప్రాంతంలో, అల్లూరుకు తూర్పున సముద్రపు ఒడ్డు పల్లెలో నేను పోస్టాఫీసు చూసేవాణ్ణి. సాహెబ్ నా వసారాలోనే పొద్దున గిన్నెలకు కళాయి వేసేవాడు, సాయంత్రం పల్లెవాళ్ళకు ఉత్తరాలు రాసిపెట్టేవాడు. గిన్నెలు తళతళలాడేవి గానీ ఉత్తరాలు చదివితే కళ్ళు తిరిగేవి.

మచ్చుకు ఒకటి: "చిన్నపోలయ్యకు జ్వరం తగిలింది. చిన్నపోలయ్య భార్య చిన్నపోలయ్యకు గంజి ఇచ్చింది. చిన్నపోలయ్య గంజిని చిన్నపోలయ్య తాగకుండా చిన్నపోలయ్య కుక్కకు పోసినాడు." ఈ చిన్నపోలయ్య ఆ పల్లెకు పెద్దకాపు, పల్లె అంతటికీ ఇతని మాటే మాట. జ్వరం వచ్చిన సంగతికే కార్డు నిండిపోయి, తగ్గిన సంగతి అడ్రసు మీదికి ఎక్కింది. ఆ కార్డు ఎవరికి పోవాలో పోల్చుకోలేక నేను నానా అవస్థా పడ్డాను.

"ఏమయ్యా సాహెబూ, ఒకసారి పేరు రాసి తర్వాత ఆయన అంటే చాలదా?" అని అడిగాను.

"పేరు లేని చోటు ఖాళీ పీట మాదిరి సార్. ఎవురొచ్చి కూచుంటారో తెలవదు."

"ఎవరొస్తారయ్యా?"

సాహెబ్ సముద్రం వైపు చూసి, "ఆడ చానామంది నిలబడుండారు సార్," అని మళ్ళీ గిన్నె తోముకోసాగాడు.

ఆ ఒడ్డున ఇలాంటి మాటలకు ఎవరూ నవ్వరు. సందె వేళ నీళ్ళ వైపు నుంచి ఎవరైనా "ఒరే" అంటే పలకరు. సముద్రానికి పోయి తిరిగి రానివాడి పేరు ఇంట్లో ఎత్తరు. ఎత్తితే తననే పిలిచారనుకుని తడిబట్టలతో వచ్చి గుమ్మంలో నిలబడతాడట. ఆడవాళ్ళ సంగతి సరేసరి, మొగుడు బతికుండగానే పేరు చెప్పరు.

కామమ్మ మొగుడు ముత్యాలయ్య తెప్ప మీద పోయి రాలేదు. మనిషీ దొరకలేదు, తెప్పా దొరకలేదు. ముత్యాలయ్య తల్లి పేరమ్మ, "నా కొంపలో ఆ పేరు ఎత్తితే నాలిక కోస్తా," అని కోడలికి ఆన పెట్టింది. అప్పట్నుంచి కామమ్మ కావలిలో ఉన్న చెల్లెలికి ఊరికే ఉత్తరాలు రాయించేది. వాటిలో కొత్త సంగతి ఒక్కటీ ఉండదు. రాయడం అయ్యాక సాహెబ్ గొంతెత్తి చదివేవాడు: "ముత్యాలయ్య వల ముత్యాలయ్య కొట్టిన మేకుకే ఉండాది. ముత్యాలయ్యకు నెత్తళ్ళ పులుసంటే ఇష్టం గదా, ముత్యాలయ్యను తలుచుకుని నిన్న చేసినాను."

"ఇంకొక తూరి చదువన్నా," అనేది కామమ్మ. నోటితో అనకూడని పేరును చెవులతోనన్నా వినాలని ఆ పిల్ల వస్తోందని నాకు తెలుసు. జాలేసేది. పని ఉన్నట్టు ముద్ర తీసి ఉత్తి కాగితాల మీద కొట్టుకుంటూ కూర్చునేవాణ్ణి.

తుపాను వెలిసిన కార్తీకంలో ఒక సాయంత్రం, మంచు సముద్రం మీంచి పాకుతూ వచ్చి సరుగుడు చెట్లను మింగేసింది. సాహెబ్ చదువుతున్నాడు. "ముత్యాలయ్య వల..."

గోడ అవతల నుంచి, "ఊఁ."

"గాలి," అన్నాను నేను.

"...ముత్యాలయ్య కొట్టిన మేకుకే..."

"ఊఁ."

గాలి అలా సమయం చూసి ఊఁ కొట్టదు. ముద్ర నా చేతిలోంచి జారి కాలి మీద పడింది. కుంటుతూనే లాంతరు పట్టుకుని వెళ్ళి చూస్తే ఎవరూ లేరు. నీళ్ళ అంచు నుంచి గోడ దాకా తడి అడుగులు వచ్చి ఉన్నాయి. వచ్చిన దారినే మళ్ళీ నీళ్ళ వైపు పోయి ఉన్నాయి.

సంగతి పాకి, మర్నాడు పల్లెలో ఒక్క తెప్ప సముద్రంలోకి దిగలేదు. పెద్దకాపు చిన్నపోలయ్య వసారాకు వచ్చి, "సాహెబూ, ఆ పేరు చదివి చదివి పోయినోణ్ణి రప్పిస్తా ఉండావు. ఇంక చదవగూడదు. కామమ్మ ఈ గడప తొక్కగూడదు," అన్నాడు.

"మామా, నాకు మిగిలింది అదొక్కటే," అంది కామమ్మ చేతులు జోడించి.

నాకు ఉండబట్టలేదు. "పేరు తీసేసి ఆయన అని చదివి చూద్దాం. పేరు వినపడకపోతే రాడు కదా?" అన్నాను. పెద్దకాపు ఆ ఒక్క పూటకు ఒప్పుకున్నాడు. సాహెబ్ మాత్రం, "పేరు లేని ఉత్తరం చోటే సాహెబ్ నోటితో చదవడు సార్," అని చెవులు మూసుకున్నాడు. ఆ పని నా నెత్తినే పడింది.

సందె పడింది. మంచు కమ్మింది. పెద్దకాపు నా భుజం పట్టుకుని కూర్చున్నాడు. "ఆయన వల ఆయన కొట్టిన మేకుకే ఉండాది," అని చదివాను. గోడ పలకలేదు. పెద్దకాపు ఊపిరి వదిలాడు. కామమ్మ ముఖం వాడిపోయింది. "ఆయనకు నెత్తళ్ళ పులుసంటే..."

"ఎవురా చదివే సచ్చినోడు? పేరు పెట్టి చదవమనండి!"

పెద్దకాపు ఒక్క గెంతున నా ఒళ్ళో పడ్డాడు. అతణ్ణి విదిలించుకుని లాంతరుతో గోడ వెనక్కి పరుగెత్తాను. పేరమ్మ! చెవి గోడకు ఆనించి నిలబడి ఉంది. ఎవరి కంటా పడకుండా నీళ్ళ అంచునే నడిచి వచ్చినట్టుంది, కోక మోకాళ్ళ దాకా తడిసింది.

"నేనేం వినేదానికి రాలా. గాలికి వచ్చినా," అని నా మీదే విరుచుకుపడింది.

నేను సాహెబ్ వైపు తిరిగాను. "నీకు ముందే తెలుసు కదూ?"

"తెలుసు సార్. చెబితే పేరమ్మ రావడం మానేస్తాది. పేరమ్మకు చెవి మందం. ఒక తూరి జారిపోయినా ఇంకో తూరన్నా చెవిన పడాల గదా. ఈ పల్లెలో నోటితో పేరు చెప్పలేనోళ్ళే చానామంది. ఇంకో రెండు తూర్లు రాస్తే నా సొమ్మేం పోయె?"

కామమ్మ వెళ్ళి అత్తను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టుకుంది. సాహెబ్ కార్డు నా చేతిలోంచి లాక్కుని మొదట్నుంచి అందుకున్నాడు. పేరు పేరుకూ పేరమ్మ ఊఁ కొట్టింది.

అత్తాకోడళ్ళు వెళ్ళిపోయినా పెద్దకాపు కదలలేదు. ఇసక గీకుతూ, "సాహెబూ, మా తమ్ముడొకడు సముద్రంలో పోయినాడు, చిన్నప్పుడు. పేరు నేను చెప్పగూడదు," అన్నాడు.

"అంకయ్య గదా?"

"ఊఁ," అన్నాడు పెద్దకాపు. తర్వాత దిగులుగా, "రాయించుకునేదానికి నాకు బయటూళ్ళో ఎవురూ లేరే?" అన్నాడు.

"దానికేం, పోస్టు సారుకు రాద్దాం!"

ఆ విధంగా నాకు అంకయ్య గురించి కార్డులు రావడం మొదలైంది. నా వసారాలో రాసి నా డబ్బాలోనే వేసేవాళ్ళు. నేనే తీసి, నేనే ముద్ర కొట్టి, నాకు నేనే బట్వాడా చేసుకుని, పెద్దకాపు వినేలా గట్టిగా చదువుకునేవాణ్ణి, ఒక్క అంకయ్యను కూడా వదలకుండా.