దశమి గడి

శివకాశిలో కేలండర్లు అచ్చేసే ప్రెస్సులో చెల్లదురైది ముప్పై ఏళ్ల చాకిరీ. సీసపు అక్షరాలు పేర్చిన చెయ్యి అది. కంప్యూటర్లొచ్చినా వరుస వెంట వేలు పెట్టి చదివే అలవాటు పోలేదు. పాత తెరలకు ఆ వేలు చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు.

భార్య పేచ్చియమ్మాళ్ ఎకసెక్కాలాడేది. "ఊరందరి తిథులూ దిద్దుతారు. రేపు నేను పోతే నా తిథే మర్చిపోతారు, చూస్కోండి!"

"నోర్ముయ్యవే," అనేవాడు.

అన్నంత పనీ చేసింది మహాతల్లి. దీపావళి వచ్చే అయిప్పసి మాసంలో, బహుళ దశమినాడు కన్నుమూసింది. ఏటా ఆ రోజు తప్పకుండా నువ్వులూ నీళ్లూ వదలడమొక్కటే అతని బతుక్కి మిగిలిన పని.

పదహారో రోజు కార్యం కాగానే ప్రెస్సుకొచ్చాడు. బల్ల మీద కొత్త తెర ఉంది. ప్రెస్సు యజమాని, కుర్రముదలాళి మురిసిపోయాడు. "మౌసుతో పన్లేదన్నాచ్చీ! ముట్టుకుంటే చాలు."

"పొద్దస్తమానం చెయ్యెత్తే ఉంచాలా ముదలాళీ?"

"అలవాటైపోద్దిలే."

ఏం అలవాటు, మట్టిగడ్డ! ఒళ్లో పెట్టుకునే ఫోనుకు చెల్లింది, ఎదురుగా నిలబెట్టిన తెరకు చెల్లుతుందా? మధ్యాహ్నానికే భుజం పుండైపోయేది. "అన్నాచ్చి తెరని దీవిస్తన్నాడ్రా!" అని అచ్చుపనివాళ్లు ఒకటే నవ్వు.

వచ్చే ఏటి అయిప్పసి పేజీ ఆ వారమే దిద్దాడు. దశమి గడి మీద వేలు ఆగిపోయింది. పేచ్చీ, అనుకున్నాడు. కళ్లు మసకేశాయి. బరువెక్కిన చెయ్యి తెర మీదే పక్కకు జారింది. కళ్లు తుడుచుకుని కింది వరుస చదివి, పేజీ అచ్చుకు పంపాడు.

ఏడాది తిరిగింది. గోడ మీది కేలండర్లో ఆ పేజీ చింపి సంచిలో పెట్టుకుని, పచ్చి మంచినీళ్లైనా ముట్టకుండా పాపనాశంలో తామ్రపర్ణి ఒడ్డుకు చేరాడు. కర్మ చేయించే అయ్యరు తిథి అడిగి, పంచాంగం తిప్పి నొసలు చిట్లించాడు.

"ఇవాళ ఏకాదశి కదయ్యా. దశమి నిన్ననే వెళ్లిపోయింది."

"మా కేలండర్లో ఇవాళే దశమి, సామీ!"

"ఎవడయ్యా ఆ కేలండరు దిద్దింది?"

చెల్లదురై పేజీ విప్పాడు. పై వారం బాగానే ఉంది, కింది వారమూ బాగానే ఉంది. ఆ ఒక్క వారం తిథుల వరుస మొత్తం ఒక గడి పక్కకు జరిగింది. మొదటి గడి బోసిగా ఉంది. జారిన చెయ్యి గుర్తొచ్చింది.

"నేనే సామీ," అన్నాడు.

నిన్న ఈ వేళకు అతను ఆ తెర ముందే చెయ్యెత్తుకుని కూర్చున్నాడు. పేచ్చి ఇక్కడికొచ్చి, ఆకలితో చూసి చూసి వెళ్లిపోయింది.