ఎన్నికల తర్వాత తిరిగి ఇవ్వని తుపాకీ

2023 అక్టోబరులో నన్ను జిల్లా పోలీసు లైన్ నుంచి భిలాయి టౌన్‌షిప్‌లోని ఒక ఠాణాకు తాత్కాలిక డ్యూటీ మీద పంపారు. నా హోదా హెడ్ కానిస్టేబుల్, ఆర్మరర్. ఆయుధాలను పరీక్షించి, మరమ్మతు చేసి, భద్రపరిచే ఉద్యోగిని ఆర్మరర్ అంటారు. మెకానికల్ డిప్లొమా చేసి ఆ పనిలో చేరాను. టెస్ట్ ఫైరింగుల పుణ్యమా అని ఎడమ చెవి వినికిడి తగ్గితే, ముప్పై నాలుగో ఏట మెడికల్ బోర్డు రిటైర్ చేసి పంపింది. ఇప్పుడు పెన్షన్ పని మీద బ్యాంకుకు వెళ్తే "నాన్నగారు రాలేదా?" అని అడుగుతుంటారు.

ఆ డ్యూటీకి కారణం అసెంబ్లీ ఎన్నికలు. ఎన్నికల ప్రకటన రాగానే, కొన్ని మినహాయింపులు తప్ప, లైసెన్సు తుపాకులన్నీ ఠాణాలో జమ చేయాలి. ఫలితాలు వచ్చాక ఎవరిది వాళ్ళు తీసుకెళ్తారు. జమ చేసే రోజు ఆర్మరర్ చేసే పనులు ఒక వరసలో ఉంటాయి. ముందు తుపాకీ ఖాళీగా ఉందో లేదో చూడాలి. తర్వాత నంబరును లైసెన్సుతో సరిపోల్చి, తుపాకీ స్థితి రాసి, ట్యాగు కట్టాలి. తూటాలను లెక్కపెట్టి, గుడ్డ సంచిలో వేసి సీలు చేస్తాం. తెరిచి పరీక్షించం. ఆ తర్వాత అన్నీ మాల్ఖానాకు, అంటే ఠాణాలోని సామాను గదికి వెళ్తాయి.

జమ చేసే రోజులు పెళ్ళి సందడిలా ఉండేవి. నందిని అనే ఊరి వైపు నుంచి వచ్చిన ఒక రైతు తుపాకీ గొట్టంలో కుమ్మరి పురుగు మట్టిగూడు కట్టింది. ఠాణా రికార్డులు చూసే మున్షీ సాహూ అందులోకి తొంగిచూసి, "భయ్యా, దీనికి కిరాయిదారు ఉన్నాడే! వాడికీ రసీదు రాయనా?" అన్నాడు. రైతు ఏమాత్రం సిగ్గుపడలేదు. దాన్ని చూస్తేనే కోతులు పారిపోతాయని, ఇక పేల్చాల్సిన పనేముందని అన్నాడు.

ఆ వరసలోనే మరోదా అనే పేట నుంచి సూర్యనారాయణ గారు వచ్చారు. అరవై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, కొలత పెట్టి కుట్టించిన గుడ్డ తొడుగులో రెండు గొట్టాల పన్నెండు బోర్ తుపాకీ. ఫౌజులో పనిచేసి వచ్చాక హథ్‌ఖోజ్‌లో ఒక ఫ్యాక్టరీకి సాయుధ కాపలాదారుగా ఉండేవారు. లైసెన్సు ఆ ఉద్యోగం చూపించి తీసుకున్నదే. నా పేరు చదవగానే తెలుగులోకి దిగిపోయారు.

"ఏ ఊరు బాబూ మీది?"

"భిలాయే."

"అది కాదు, అసలు ఊరు."

"మా తాతది టెక్కలి దగ్గర."

"మరి చెప్పవేటి! మాది పలాస. అయితే నువ్వు మనోడివే. చూడు, బాగా చూడు. ఒక్క తుప్పు మరక చూపించు, ఈ మీసం తీసీస్తాను."

తుప్పు మరక ఎక్కడా లేదు. ఆయన మీసం క్షేమంగా ఇంటికి వెళ్ళింది.

డిసెంబరు మొదట్లో ఫలితాలు వచ్చాయి. తుపాకులు తిరిగి ఇవ్వడానికి రెండు రోజుల ముందు యాభై అయిదేళ్ళ ఆవిడ ఒకరు ఠాణాకు వచ్చి, మున్షీని హిందీలో మళ్ళీ ఎన్నికలు ఎప్పుడని అడిగింది.

"ఎందుకు దీదీ, టికెట్ కావాలా?" అన్నాడు సాహూ. ఠాణా అంతా నవ్వింది. ఆవిడా నవ్వింది, కానీ కదల్లేదు. మెడలో నల్లపూసలు, చెవికి కమ్మలు చూసి నేను తెలుగులో పలకరించాను.

"తెలుగోడివేటి నాన్నా? బతికించావు," అంది. ఆవిడ పేరు సత్యవతమ్మ, సూర్యనారాయణ గారి భార్య. "మా ఇంటాయన తుపాకీ మీ కాడే ఉంది కదా, అక్కడే ఉండనీయండి. మీకు బోల్డంత జాగా. మాది రెండు గదుల ఇల్లు. తుపాకీ ఉన్న బీరువాలో నా చీరలు పెట్టీసుకున్నాను. ఇప్పుడు మళ్ళీ అయ్యన్నీ ఎక్కడికి తియ్యను?"

మార్చిలో లోక్‌సభ ఎన్నికలకు మళ్ళీ జమ చేయమంటారని చెప్పాను. ఆవిడ వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుని, "అందాకా?" అంది.

కొడతాడా అని అడిగాను.

"ఛ, చెయ్యెత్తడు. మాటా మాటా వస్తే తుపాకీ తీసి బల్ల మీద పెట్టి తుడుస్తాడు. ఏటీ అనడు. తుడుస్తానే ఉంటాడు. నాను నోరు మూసుకుంటాను. అక్కడితో జగడం అయిపోతాది." కొంగు సర్దుకుని, "ఖాళీదే అంటాడు. ఖాళీదే అయ్యుంటాది. కానీ ఈ రెండు నెలలూ సుకంగా పడుకున్నాను నాన్నా. ఈ మాట ఎక్కడా రాయకు," అని వెళ్ళిపోయింది.

మా టి.ఐ., అంటే ఠాణా ఇన్‌స్పెక్టరు, నేతామ్ మేడమ్. విషయం చెప్పగానే ఆవిడ పెన్ను కింద పెట్టారు. లైసెన్సు ఇచ్చేదీ, ఆపేదీ కలెక్టరు. ఠాణా నివేదిక పంపిస్తేనే ఆయన తుపాకీని ఆపగలరు. విచారణ మొదలైతే ఆ నివేదిక నకలు లైసెన్సుదారుకు అందుతుంది. భార్య చెప్పిందని రాస్తే భర్త దాన్ని తీరిగ్గా ఇంట్లో కూర్చుని చదువుకుంటాడు. తుపాకీ లేకపోయినా ఆయన చేతులు ఆయనకుంటాయి. ఏమీ రాయకపోతే రెండు రోజుల్లో మేమే తుపాకీని మళ్ళీ ఆ బల్ల దగ్గరికి పంపినవాళ్ళం అవుతాం.

"ఆమె మాట పక్కన పెట్టు. ఇంకేం మిగిలింది?" అని అడిగారు మేడమ్.

తుపాకీ, తూటాలు, యజమాని అని చెప్పాను.

తుపాకీని ఆ మధ్యాహ్నమే మళ్ళీ బల్ల మీదికి తెచ్చాను. ఈ రకం తుపాకీని మీట నొక్కి మధ్యకు మడిచి తూటా పెడతారు. గొట్టాల లోపల అద్దంలా ఉంది. పేల్చింది చాలా తక్కువ. కానీ మడత దగ్గర కీలు వదులైంది, మీట మీద నల్లపూత అరిగి తెల్లటి ఉక్కు కనిపిస్తోంది. పేల్చకుండా చాలాసార్లు తెరిచి మూసిన తుపాకీ అది. ఇది ఒక్కటే ఏమీ రుజువు చేయదు. శ్రద్ధగా తుడిచేవాళ్ళూ తెరుస్తారు.

మేడమ్ అనుమతితో, సాహూనూ ఇంకొకరినీ సాక్షులుగా పెట్టి, పంచనామా రాసి, తూటాల సంచి సీలు విప్పాను. తూటాను గొట్టంలో పెట్టి తుపాకీ మూసినప్పుడు, దాని ఇత్తడి అడుగు వెనకున్న ఉక్కు పలకకు రాసుకుని సన్నటి గీత పడుతుంది. సంచిలో ఉన్న తూటాలన్నీ కొత్త నాణేల్లా మెరుస్తున్నాయి, రెండు తప్ప. ఆ రెండింటి అడుగున అన్ని దిక్కులకూ గీతలు, పిల్లలు పలక మీద గీసినట్టు. ప్రతిసారీ అవే రెండు తూటాలు, రెండు గొట్టాలకూ.

"తుడవడానికి తూటా కావాలా?" అన్నారు మేడమ్.

"తూటా ఉంటే తుడవడమే కుదరదు మేడమ్. గొట్టంలోకి పుల్ల వెళ్ళదు."

ఆవిడ తుపాకుల వాపసు వారం వాయిదా వేశారు. ఠాణా పరిధిలో లైసెన్సుదారులందరి ఇళ్ళూ తనిఖీ చేయాలని, అందరికీ అవే ప్రశ్నలు వేయాలని ఆదేశించారు. ఒక్క ఇంటికే వెళ్తే ఎవరు చెప్పారో ఆ ఇంట్లో తెలిసిపోతుంది. అన్ని ఇళ్ళకూ వెళ్తే అది ప్రభుత్వం పెట్టే మామూలు విసుగే.

ఆ వారం నా ఉద్యోగంలోకెల్లా సరదాగా గడిచింది. ఒక దంతవైద్యుడు తూటాలను ఫ్రిజ్‌లో, దోసెల పిండి పక్కనే దాచేవాడట. చల్లగా ఉంటే పాడవవని ఆయన సిద్ధాంతం. వాళ్ళమ్మ మాత్రం, "ఎన్నికలొచ్చాక నా ఫ్రిజ్ నాకొచ్చింది, మళ్ళీ ఇవ్వకండి బాబూ," అని నా చెయ్యి పట్టుకుంది. తూటాలు ఎక్కడ, ఎలా పెట్టాలో చెప్పి, రాయించి, సంతకం తీసుకున్నాం. కోతుల రైతు ఇంట్లో మాకు భోజనమే పెట్టారు.

సూర్యనారాయణ గారింటికి మేడమ్ స్వయంగా వచ్చారు. ఆయన గుమ్మంలోనే ఎదురొచ్చి, "రా బాబూ, రా! ఏమేవ్, మన టెక్కలి కుర్రాడొచ్చాడు, టీ పెట్టు," అని కేకేశారు. సత్యవతమ్మ బయటికి వచ్చి, నన్ను జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు ఎగాదిగా చూసి, "ఎవరబ్బాయివి నాన్నా?" అని అడిగింది. నేను తడబడ్డాను గానీ ఆవిడ తడబడలేదు.

ప్రశ్నలు వరసగా అడిగాను. ఫ్యాక్టరీ పని మానేసి రెండేళ్ళయిందని చెప్పారు. ఇప్పుడు తుపాకీ అవసరం ఏమిటంటే, ఇంటికి ధైర్యమన్నారు. దసరాకు తీసి పూజ చేస్తానన్నారు. మిగతా రోజుల్లో ఎప్పుడు తీస్తారని అడిగేసరికి ఆయనకు హుషారొచ్చింది.

"మనలో మన మాట. ఇంట్లో మాటా మాటా పెరిగిందనుకో, తీసి బల్ల మీద పెడతాను. అంతే! ఇల్లంతా సైలెంట్. నోరు అరగదు, చెయ్యి నొవ్వదు. నువ్వూ పెళ్ళి చేసుకున్నాక తెలుస్తాది."

నేను హిందీలో మేడమ్‌కు చెప్పాను. ఆవిడ ముఖం మారలేదు. ఖాళీదేనా అని మామూలుగా అడిగారు.

"ఖాళీ తుపాకీకీ కర్రకీ తేడా ఏముంది మేడమ్?" అని నవ్వారాయన హిందీలో.

వంటింటి గుమ్మంలో టీ గ్లాసుల చప్పుడు ఆగిపోయింది. సత్యవతమ్మ పళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. బల్ల మీద పెట్టే తుపాకీ ఖాళీది కాదన్న సంగతి ఆవిడకు అప్పుడే తెలిసింది. నెమ్మదిగా వచ్చి పళ్ళెం బల్ల మీద పెట్టింది.

"ఖాళీదన్నావు."

"ఏదో సరదాకే..."

"సరదాకి తూటా ఏల?"

ఆవిడ నా వైపు తిరిగింది. "రాసుకో నాన్నా. ఆయన చెప్పిందీ రాసుకో, నాను చెప్పీదీ రాసుకో. నా పేరూ రాసుకో."

మేడమ్ ఆవిణ్ణి పక్క గదిలోకి తీసుకెళ్ళి విడిగా మాట్లాడారు. భర్త ఎదురుగా భార్య వాంగ్మూలం తీసుకోకూడదు. ఆయన జవాబు ఒక్కటే నివేదికకు సరిపోతుందనీ, పేరు ఇవ్వకపోయినా ఫర్వాలేదనీ స్పష్టంగా చెప్పారట. ఆవిడ పేరే ఇచ్చింది. సూర్యనారాయణ గారు తన జవాబును చదువుకుని సంతకం పెట్టారు. అంత గొప్పగా చెప్పినదాన్ని సాక్షుల ముందు కాదనడానికి మొహం చెల్లలేదనుకుంటాను. సత్యవతమ్మ ఆ సాయంత్రమే బట్టలు సర్దుకుని నందిని కాలనీలో ఉన్న చెల్లెలింటికి వెళ్ళింది. మా జీపులోనే దింపాం. వెళ్ళి ఎన్నాళ్ళుంటుందో ఆవిడ చెప్పలేదు, మేమూ అడగలేదు.

నివేదికలో కీలు సంగతి, రెండు తూటాల సంగతి, లైసెన్సు తీసుకున్న కారణం ఇప్పుడు లేదన్న సంగతి, ఇద్దరి వాంగ్మూలాలు ఉన్నాయి. లైసెన్సును నిలిపివేస్తూ కలెక్టరు ఆఫీసు నుంచి ఆదేశం వచ్చింది. ఆ మర్నాడు సూర్యనారాయణ గారు ఠాణాకు వచ్చి నా బల్ల గుద్దారు.

"మనోడివని నమ్మాను కదరా!"

అప్పీలు ఎక్కడ, ఎలా చేసుకోవాలో కాగితం మీద రాసి ఇచ్చాను. సాహూ కుర్చీ జరిపి, "అంకుల్, కూర్చుని తిట్టండి, బీపీ ఉంది కదా," అన్నాడు. ఆయన నిజంగానే కూర్చుని తిట్టారు. విచారణలో ఆత్మరక్షణకు తుపాకీ కావాలని వాదించారు. ఎవరి నుంచి అని అధికారి అడిగితే ఎవరి పేరూ చెప్పలేకపోయారు. లైసెన్సు రద్దయింది. తుపాకీని లైసెన్సు ఉన్న డీలరుకు అమ్ముకోవడానికి చట్టం అనుమతిస్తుంది, అలాగే అమ్మారు. ఆ పేటలో గస్తీ తిరిగే బీట్ కానిస్టేబుల్ కొన్ని నెలల పాటు వాళ్ళ వీధిలో వారం వారం ఆగి వచ్చేవాడు.

సత్యవతమ్మ ఎండలు ముదిరాక తిరిగొచ్చింది. రమ్మని అడగడానికి ఆయన మూడుసార్లు నందినికి వెళ్ళారని, రెండుసార్లు చెల్లెలు గుమ్మంలో నుంచే పంపేసిందని బీట్ కానిస్టేబుల్ చెప్పాడు. వానాకాలంలో వేరే పని మీద మరోదా వెళ్ళి ఆ వీధిలో స్కూటర్ ఆపాను. ఇంట్లో నుంచి ఆవిడ గొంతు వీధి చివరికి వినిపిస్తోంది. కొట్టులో తెచ్చిన కందిపప్పు పుచ్చిపోయిందట, కళ్ళు నెత్తికెక్కాయా అంటోంది. ఆయన తగ్గకుండా, "మరి నువ్వే ఎల్లు!" అంటున్నారు. "ఎల్తాను! సంచీ ఇటియ్యి!" అని ఆవిడ ఇంకా పెద్దగా అంది. పక్కింటి కుర్రాడు నన్ను చూసి, "రోజూ ఇదే గోల భయ్యా," అని విసుక్కున్నాడు. రోజూనా అని మరోసారి అడిగి రూఢి చేసుకుని, స్కూటర్ స్టార్ట్ చేశాను.

ఈ కేసు నేర్పింది ఇది: ఒక ఇంట్లో తుపాకీ ఎంత ప్రమాదమో అది ఎన్నిసార్లు పేలిందన్నది చెప్పదు. దాన్ని ఎన్నిసార్లు, ఎవరి ఎదురుగా బయటికి తీశారో అడగాలి. ఆ ప్రశ్న లైసెన్సుదారుడితో పాటు ఇంట్లో మిగతావాళ్ళకూ వేయాలి, ఒక్కొక్కరినీ విడిగా. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆ తర్వాత చేసిన ప్రతి తనిఖీలో అలాగే అడిగాను. చాలా ఇళ్ళలో నవ్వారు. నవ్వనివాళ్ళ ఇళ్ళకు రెండోసారి వెళ్ళాను.