కామసముద్రంలో కుట్టిన ఖాళీ కార్డులు

మా ప్రయోగశాల నివేదికలో నేను రాయకుండా వదిలేసిన వాక్యం ఒకటి ఉంది: ఆ కార్డులు రైతుకు అందేసరికే ఖాళీగా ఉన్నాయి. దాని చోట అబద్ధం రాశాను.

బంగారు గనులు మూతపడిన నాలుగో ఏడాది, మార్చి నెలలో నన్ను కామసముద్రంలో టమాటా ప్రదర్శన క్షేత్రానికి వేశారు. అప్పుడు నేను సాంకేతిక సహాయకుణ్ణి. నా పైన ఒక కీటక శాస్త్రవేత్త. క్షేత్రం మునివెంకటప్పది. గని లోపల కప్పు కూలకుండా కొయ్య దిమ్మెలు నిలబెట్టే పని చేసి, అది పోయాక తండ్రి ఇచ్చిన ఎకరం సాగుకు తిరిగొచ్చిన మనిషి. మేము చెప్పేదాకా పురుగుమందు ముట్టనని మాటిచ్చాడు.

కాయ తొలిచే పురుగు తాలూకు రెక్కల పురుగు ఆకుల మీద గుడ్లు పెడుతుంది. ట్రైకోగ్రామా అనే, కంటికి సరిగా ఆనని కందిరీగ జాతి ఈగ ఆ గుడ్లలో తన గుడ్లు పెట్టి వాటిని చంపుతుంది. ఈ ఈగలను అట్టముక్కలకు అంటించిన బియ్యపు పురుగు గుడ్లలో పెంచుతాం. అవే ట్రైకో కార్డులు. ఈగలు ఏ రోజు బయటికొస్తాయో అంచున తేదీ వేస్తాం. కార్డును చల్లగా దాచి, ఆ తేదీలోపు ఆకుల అడుగున కుట్టాలి. రెక్కల పురుగు గుడ్డు పగిలి పిల్ల పురుగు వచ్చేస్తే ఈగ ఇక ఏమీ చేయలేదు.

ఆ వారం పొలంలోని ఎర బుట్టల్లో రెక్కల పురుగులు ఒక్కసారిగా పెరిగాయి. నేను కార్డుల డబ్బాతో బయలుదేరి, చెల్లెలి నిశ్చితార్థమని దారిలో గని కాలనీ కోరమండల్‌లోని మా ఇంట్లో దిగాను. డబ్బా రెండు రోజులు కిటికీలో ఎండకు ఉండిపోయింది. తెరిచి భూతద్దంతో చూస్తే ప్రతి గుడ్డుకూ గుండ్రటి చిల్లు. ఈగలు డబ్బా గాలి రంధ్రాల్లోంచి వెళ్ళిపోయాయి. తేదీ ఉన్న అంచును కత్తెరతో తీసేసి, ఆ కార్డులే పట్టుకెళ్ళాను.

మునివెంకటప్ప భార్యతో కలిసి సాలు సాలుకూ కుట్టాడు. గట్టు మీద నుంచి పక్క పొలం చెన్నప్ప నవ్వాడు. "ఏమప్పా, గనిలో దిమ్మెలు కొట్టినోడివి, ఇప్పుడు ఆకులకు గుండీలు కుడతా ఉండావే?"

ఐదో రోజు మునివెంకటప్ప నన్ను పక్కకు పిలిచాడు.

"సన్న పురుగు కనిపిస్తా ఉండాది సార్. మందు కొట్టేదా, వద్దా? నీ మాట మీద నిలబడుండాను."

ఆ రోజు కొట్టి ఉంటే చాలా పంట దక్కేది. కానీ కొట్టమంటే కార్డుల సంగతి చెప్పాలి. మందు కొడితే ఈగలు చచ్చిపోతాయన్నాను. లేని ఈగల కోసం ఆయన ఇంకో మూడు రోజులు ఆగాడు. అప్పటికి పురుగు కాయ లోపలికి దూరింది. అక్కడికి ఏ మందూ చేరదు.

శాస్త్రవేత్త తనిఖీకి వచ్చినప్పుడు మునివెంకటప్ప తన స్ప్రేయర్ తెచ్చి ముందు పెట్టాడు. చాలాకాలం వాడక లోపలి వాషరు ఎండి పగిలి ఉంది. శాస్త్రవేత్త దాన్ని చూడలేదు, నా నివేదిక చూశాడు. "రైతు మధ్యలో రసాయన మందు వాడినట్టుంది" అని అందులో ఉంది. మునివెంకటప్ప పేరు ప్రదర్శన రైతుల జాబితా నుంచి కొట్టేశారు. మాట తప్పినోడని ఊరు ఆయన్ను చాలా ఏళ్ళు దెప్పింది.

రైతు చేతిలోని మందును ఆపించినవాడు, తన మందు పనిచేయడం లేదని ఆ రోజే చెప్పాలి. జీవ నియంత్రణలో నేను నేర్చుకున్నది ఇదే. మిగతావి పుస్తకాల్లో ఉన్నాయి.

నిరుడు స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్న వారానికి కామసముద్రం వెళ్ళి ఆయనకు జరిగింది చెప్పాను. మునివెంకటప్ప అంతా విని అన్నాడు:

"నేను కొట్టలేదని నాకు తెలుసు గదా. నాకెందుకు చెప్తావు? సాయంత్రం పాలు పోసే పొద్దుకు డైరీ కాడికి రా. వాళ్ళకు చెప్పు."

వెళ్ళాను. క్యాన్లు పట్టుకుని వరుసలో నిలబడినవాళ్ళలో చెన్నప్ప కూడా ఉన్నాడు. మునివెంకటప్ప నా పక్కకు రాలేదు, తన వంతులోనే నిలబడ్డాడు. నేను అందరికీ వినబడేలా చెప్పాను: "ఆ పొద్దు నేను ఖాళీ కార్డులు ఇచ్చినాను. మునివెంకటప్ప మందు కొట్టలేదు. కొట్టినాడని అబద్ధం రాసింది నేను. తప్పు నాది, మన్నించండి."