రుమాలుకు రెండంగుళాలు తక్కువ

రెండువేల నాలుగు, ఆ ఉదయం ఏడున్నరకు మా వాకిట్లో ఉన్నవి: కొత్త చిన్న కారు ఒకటి, ఇరవై రెండేళ్లు అంబాసిడర్ నిలబడిన చోట టైర్ల గుంటలు నాలుగు, ఆస్పత్రి చీటీ ఒకటి. ఉన్నవాళ్లు: తాత, అవ్వ, నాన్న, నేను. తాత కారు బయటే ఉన్నాడు.

ఆయన ఎడమ కన్ను వయసులోనే పోయింది. కుడి కంటికి పొర ముదిరింది. చిక్కబళ్లాపురం డాక్టరు ఆ రోజు పది గంటలకు ఆపరేషన్ పెట్టారు. తప్పితే మళ్లీ నెల తర్వాతే, అంతవరకు ఆగితే కన్ను దక్కడం కష్టమని కూడా చెప్పారు. మా ఊరి నుంచి పొద్దుటి బస్సు అప్పటికే వెళ్లిపోయింది.

అంబాసిడర్‌ను మూడు రోజుల ముందే గౌరిబిదనూరు ఆయన ఒకరు కొనుక్కుపోయారు. అమ్మించింది నేను. డిప్లొమా చివరి ఏడాదిలో ఉన్నాను. రెండు కార్లనూ పోలుస్తూ పద్నాలుగు వరుసల పట్టిక గీసి నాన్నకు చూపించాను. లీటరుకు పాతది తొమ్మిది కిలోమీటర్లు, కొత్తది పదహారు. పాతదాని స్టీరింగుకు భుజాలు కావాలి, కొత్తదానికి వేళ్లు చాలు. పాతదానిలో కెంచార్లహళ్ళి దాకా ఎనిమిది మంది పోయేవాళ్లం. కొత్తదానిలో నలుగురు, ఐదో మనిషి సన్నగా ఉంటే ఐదుగురు. 'తల పైన ఖాళీ' అన్న వరుసలో కొత్తదానికి 'చాలు' అని రాశాను. కూర్చుని చూసింది నేను. నా తలకు రుమాలు లేదు.

తాత తలకు పాగాలా రుమాలు చుట్టకుండా గడప దాటడు. మా వైపు పెద్దవాళ్లు రుమాలు తీసి బండెక్కేది చావుకు పోయేటప్పుడే.

"తీసి ఒళ్లో పెట్టుకోప్పా," అన్నాడు నాన్న.

"ఎవురు సచ్చినారురా?" అన్నాడు తాత.

టేపు తెచ్చి కొలిచాను. కూర్చుంటే రుమాలుతో సహా తాత ఎత్తు ముప్పై తొమ్మిది అంగుళాలు. సీటు నుంచి కప్పుకు ముప్పై ఏడు. ముందు సీటును వెనక్కి వాల్చి చూపించాను.

"ఇట్ల పండుకోబెట్టి యాడికి తీసకపోతారో నాకు తెలుసులేరా."

"ఇంత సదివినోడివి, ఇంట్లో ఉండే తలకాయ కొలత తీసుకోలేదే," అంది అవ్వ.

"తల కాదవ్వా, రుమాలు."

"ఆయప్పకి రెండూ ఒగటే."

ఎనిమిదిన్నర అయింది. వెనక సీటు కింది మెత్తకు రెండు బోల్టులు ఉన్నాయి. అవి విప్పి, మెత్తను ఎత్తి అరుగు మీద పెట్టి, ఆ చోట గోనెసంచిని మడతలు వేసి పరిచాను. సీటు ఐదంగుళాలు దిగింది. తాత ఎక్కాడు. మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి. రుమాలు కప్పుకు తగలలేదు.

"ఇబ్బుడు ఎద్దులబండి మాదిరి ఉండాది," అన్నాడు. కొత్త కారు గురించి ఆయన అన్న మంచిమాట అదొక్కటే.

పది కావడానికి పది నిమిషాల ముందు చేరాం. నర్సు కన్నడంలో రుమాలు తీయమంది. తాత వెంటనే తీసి నా చేతుల్లో పెట్టాడు.

"దీన్ని బండిలో తీసుంటే ఏమయ్యేది తాతా?"

"దావలో నలుగురు చూస్తార్రా. ఈడ ఎవునికి కండ్లు కనిపిస్తాయి?"

ఆపరేషన్ అయిన నెలకు డాక్టరు ఆయనను గోడ మీది అంకెల పటం ముందు కూర్చోబెట్టారు. పటంలో ఏడు వరుసలు. తాత ఆరు చదివాడు.