సీసం కడిగిన సారు

మొన్న పొద్దున ల్యాబ్ తాళం తీస్తుంటే ఫోన్ వచ్చింది. మా పాత సారు కిషన్‌బాగ్‌లో తన ఇంట్లోనే పోయారట. తాళంచెవి పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఈ మధ్య ఏడుపు కూడా తొందరగా రావడం లేదు, అంత అలసట.

ఖనిజాల పరీక్ష నాకు నేర్పింది ఆయనే. సీసపు రాయిని పిండి చేసి నీళ్లలో కలుపుతాం. మందు వేసి గాలి ఊదుతాం. మందు అంటిన సీసపు రేణువులు బుడగలను పట్టుకుని నురగలో తేలతాయి, రాతిపొడి అడుగున మిగులుతుంది. చెప్పడానికి ఇంతే.

ఒకసారి నా సీసం తేలనే లేదు. వారం రోజులు మందు పెంచుకుంటూ పోయాను. నురగ పెరిగింది, సీసం రాలేదు. సారు వచ్చి ఆ గుజ్జును రెండు వేళ్ల మధ్య రుద్ది చూశారు.

"మందుది తప్పేం లేదు తమ్మీ. మెత్తటి బంకమన్ను సీసం మీద పొరలెక్క పట్టింది. దుమ్ము పట్టిన బొట్టుబిళ్ల నుదుటికి అంటుతదా? ముందుగాల కడుగు."

"ఎట్ల సార్?"

"ఇంట్ల బియ్యం కడిగినట్టు. గంతే, ఫికర్ చెయ్యకు."

చెప్పి ఊరుకోలేదు. తానే నీళ్లు పోసి కలిపారు, బరువు రేణువులు దిగేదాకా ఆగి మడ్డినీళ్లు వంచేశారు. అలా మూడుసార్లు. మధ్యాహ్నానికి నురగ సీసంతో నల్లగా మెరిసింది. ఆయన మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని గానీ టీ గ్లాసు ముట్టలేదు. రోజూ అంతే.

ఆ పని గురించి రాసిన రిపోర్టు మీద నా పేరు ఒక్కటే వేసుకున్నాను. దానితోనే నా ఉద్యోగం పర్మనెంటయింది. సారు ఒక్క మాట అనలేదు. ఆయన రిటైరయ్యాక తప్పు ఒప్పుకుందామని ఎన్నోసార్లు బయల్దేరాను. దారిలో నయాపూల్ వంతెన దాకా వెళ్లి, ట్రాఫిక్ అని సాకు చెప్పుకుని వెనక్కి తిరిగేవాణ్ని. ట్రాఫిక్ కాదు, సిగ్గు.

మొన్న సాయంత్రం వాళ్లింటికి వెళ్లి ఆయన భార్యతో అన్నాను: "అమ్మా, ఆ సీసం పని సారుది. పేరు నేనేసుకున్న."

ఆమె బీరువాలోంచి ఆ రిపోర్టు జిరాక్సు తెచ్చింది. "నాకెరుకే బిడ్డా. ఇంటికొచ్చినోళ్లందరికి ఇదే సూపెట్టెటోడు. మా పిలగాడు రాసిండని మస్తు సంబురం."

మడతల దగ్గర కాగితం చిరిగిపోయింది. నా పేరున్న చోట మాత్రం చిరగకుండా టేపు అంటించి ఉంది.