దగ్గు వినపడని పూట

నా చిన్నప్పుడు వేసవి సెలవులు వచ్చాయంటే భవానీపురంలో అమ్మమ్మగారింట్లోనే ఉండేదాన్ని. డెబ్బైలనాటి మాట. తెల్లవారేసరికి అమ్మమ్మ కట్టెల పొయ్యి ఊదుతూ దగ్గే దగ్గుకే మాకు మెలకువ వచ్చేది. వానాకాలంలో కట్టెలు తడిస్తే ఆ దగ్గు ఆయాసంలోకి దిగేదట. ఓ ఏడు వానల్లో ఆసుపత్రిలో కూడా పెట్టాల్సి వచ్చింది. అయినా వంట మాత్రం ఎవరికీ వదిలేది కాదు.

మా మావయ్యకు ఆటోనగర్‌లో వెల్డింగ్ షెడ్డు ఉండేది. ఆ మరుసటి వేసవిలో పొగ రాని పొయ్యి చేస్తానని పాత డ్రమ్ము ఒకటి తెచ్చి పెరట్లో కూర్చున్నాడు. చెయ్యి తిరిగిన మనిషి, అంతటితో ఊరుకుంటాడా? కూరకని పక్కన ఇంకో పొయ్యి పెట్టాడు, వేణ్ణీళ్లకు తొట్టి తగిలించాడు, ఎటు కావాలంటే అటు తోసుకోవచ్చని కింద లారీ బేరింగులు కూడా బిగించాడు. తీరా వంటింట్లో పెట్టి వెలిగిస్తే ఇల్లంతా పొగ. అమ్మమ్మ వాకిట్లోకి వచ్చి, ఊపిరందక కూలబడింది.

అత్తయ్య ఆమెకు మంచినీళ్లు తాగించి మావయ్య వైపు తిరిగింది.

"ఇంతకీ ఈ పొయ్యి ఏం చేస్తే అయిందనుకోవాలండీ?"

మావయ్య కూర, వేణ్ణీళ్లు అంటూ మొదలుపెట్టాడు.

"అన్నీ వద్దండీ. ఒక్కటే చెప్పండి."

ఆయన అమ్మమ్మ వైపు తిరిగాడు. "అమ్మ దగ్గకుండా అన్నం వార్చాలి."

"ఎప్పటికల్లా?"

"వానలు పడేలోగా."

మర్నాడే బేరింగులు ఊడదీశాడు. తొట్టి పోయింది, రెండో పొయ్యీ పోయింది. అంత ముచ్చటపడి చేసినవాటిని తన చేత్తోనే కోసి పారేస్తుంటే నాకు ఆయన మహా గొప్పవాడనిపించాడు. ఇక చూసుకోవలసింది పొగ ఒక్కటే. పొయ్యికి పాత సైలెన్సరు గొట్టం అతికించి, పెంకుల సందులోంచి బయటికి పంపాడు. గాలికి పొగ వెనక్కి తన్నింది. గొట్టం ఇంకాస్త పైకి పెంచాడు.

మబ్బులు పట్టిన ఓ ఉదయం అమ్మమ్మ ఆ పొయ్యి వెలిగించింది. మేమంతా వసారాలో కూర్చుని చెవులు రిక్కించాం. ఎసరు మరగడం వినిపించింది, గంజి వార్చడం వినిపించింది, అంతే. అమ్మమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఏంట్రా, అందరూ అట్టా బిగుసుకుపోయి కూర్చున్నారు?" అంది. మావయ్య కళ్లు తుడుచుకున్నాడు. సాకు చెప్పడానికి పొగ కూడా లేదు.

ఆయన్ను తలుచుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. ఏ కొత్త పని తలపెట్టినా, ఎవరికి ఏ కష్టం తీరితే అది అయినట్టో ముందు నాకు నేను చెప్పుకుంటాను. చెప్పుకోలేకపోతే ఆ పని మొదలుపెట్టను.