పక్కింట్లో సంతకం పెట్టించిన పెద్దమ్మ

"అన్నంత పని చేసిందిరా మీ పెద్దమ్మ."

పోయిన నెల ఒక పొద్దున శంషాబాద్ దవాఖాన వరండాలోంచి పెద్దబాపు ఫోన్‌లో అన్న మాట ఇది. అంతకు ముందే మౌనిక "అన్నా, అమ్మ పోయింది" అని, ఫోన్ ఆయన చేతికిచ్చింది. నేను ఏడ్చాను. ఏడుస్తూనే, ఎవరో మ్యాచ్ గెలిచినట్టు లోపల ఒక కేక కూడా వేశాను. పాఠక మహాశయులు నన్ను తిట్టుకునే ముందు జర ఓపిక పట్టాలని సవినయంగా మనవి చేస్తున్నాను. మా పెద్దమ్మ పందెం గెలిచి పోయింది. పందెం పెద్దబాపుతో. ఇద్దరిలో ఎవరు ముందు పోతారన్నదే పందెం.

పెద్దబాపు మా నాన్నకు అన్న. వాళ్ళకు పిల్లలు లేరు. పెద్దమ్మ చెల్లెలు పాల్మాకులలో జ్వరంతో చనిపోతే, అప్పటికి సరిగా నడక కూడా రాని ఆమె కూతురు మౌనికను పెద్దమ్మ చంకనేసుకుని శంషాబాద్ ఇంటికి తెచ్చింది. ఇప్పుడు మౌనిక ఎయిర్‌పోర్టులో ప్రయాణికుల సంచులు తూచే కౌంటర్‌లో పనిచేస్తుంది. దత్తత కాగితాలంటూ ఏవీ లేవు. ఎవరైనా అడిగితే పెద్దమ్మ, "కన్నోళ్ళు కాయితం రాసుకొని కంటరా?" అనేది.

ఆ ఇల్లు మా బంధుగణం మొత్తానికీ అనధికార విశ్రాంతి మందిరం. దుబాయ్‌కి పోయేవాడైనా, ఢిల్లీకి పోయేవాడైనా ముందు పెద్దమ్మ గేటు దాటాలి. "విమానంల పెట్టేది తిండేనా? కూసో" అని పళ్ళెం పెట్టేది. టైం అయిపోతోందని గింజుకుంటే, "మా మౌనిక ఆడనే ఉంటది, ఆపుతది తియ్" అనేది. విమానాన్ని ఆపే అధికారం మౌనికకు లేదని ఆమెను ఎవరూ నమ్మించలేకపోయారు. మా మేనమామ ఒకాయన రెండోసారి వడ్డించుకుని విమానం పోగొట్టుకున్నాడు. ఆయన తిరిగొచ్చేసరికి పెద్దమ్మ మూడోసారి వడ్డించింది.

వీలునామా గొడవ నా నోటి దురద వల్ల మొదలైంది. నేను అప్పుడు లా కాలేజీలో చివరి ఏడు. తెలిసిన నాలుగు సెక్షన్లూ నలుగురికీ చెప్పకపోతే అన్నం సహించని దశ. ఒక మధ్యాహ్నం ఆమె వడ్డిస్తుండగా గంభీరంగా గొంతు సవరించుకున్నాను.

"పెద్దమ్మా, చట్టం ప్రకారం మీ ఇద్దరి తర్వాత ఈ ఇల్లు మా బాపుది. ఆ తర్వాత నాది. ఆ ముందు గదికి ఏ రంగు వేయించాల్నో ఇప్పుడే ఆలోచిస్తున్న."

మౌనిక నవ్వింది. "నీలం వెయ్యన్నా. నాకు కిరాయికి ఇస్తవా?"

పెద్దమ్మ నవ్వలేదు. గరిటె గిన్నెలో పెట్టేసింది. "మల్ల చెప్పు."

ఈసారి వెటకారం లేకుండా చెప్పాను.

"అంటే నేను పెంచిన పిల్ల నా ఇంట్లకెళ్ళి బయటికేనా?"

"వీలునామా రాయకుంటే అంతే, పెద్దమ్మా."

"అయితే ఐతారం రా. రాసేద్దం. సాక్షులు ఎంతమంది కావాలె?"

"ఇద్దరు చాలు."

"ఇద్దరేనా!" అని చిన్నబోయింది. ఏదో లగ్నపత్రిక రాసుకోవడానికి బంధువుల్ని పిలవొద్దన్నట్టు.

ఆదివారం నేను వెళ్ళేసరికి ఇంటికి మామిడాకుల తోరణం. పొయ్యి మీద బగారా అన్నం, కోడికూర. పెద్దమ్మ ఒంటి మీద పెట్టెలోంచి తీసిన పట్టుచీర. నేను పని నేర్చుకునే సీనియర్ వకీలు సాబ్‌కు చూపించి తెచ్చిన కాగితాలు అందుకుని నాలుగు మూలలా పసుపు పెట్టింది. వీలునామాకు పసుపు పెట్టించిన భావి న్యాయవాదిగా నాకు చరిత్రలో ఎక్కడో ఒక చోట స్థానం దొరకాలి.

సాక్షులు ఇద్దరు. గోడకు అవతలి ఇంటి చాచా ఒకరు, మా వీధి డాక్టరుగారు ఇంకొకరు. డాక్టరుగారిది గుంటూరు వైపు, అతి మర్యాదస్తుడు. సంతకం పెట్టే మనిషి తెలివితో ఉందని చూసుకోవడం మంచిదని నేనే ఆయనకు చెప్పాను.

"అమ్మా, ఏమీ అనుకోకండి. ఇవాళ ఏం వారమండీ?"

పెద్దమ్మ ఆయన్ని జాలిగా చూసింది. "ఏం సారూ, మీకు తెల్వదా? మరి మాకు మందులు ఎట్ల రాస్తున్నరు?"

చాచా పొట్ట పట్టుకుని నవ్వాడు. "బస్ డాక్టర్ సాబ్! భాభీ దిమాగ్ పరీక్ష పాసయింది. మనమే ఫెయిల్!"

ఇక నేను చదవడం మొదలుపెట్టాను. ఇల్లు ఇద్దరి పేరా ఉంది కాబట్టి చెరొక వీలునామా. ముందు పెద్దమ్మది. ఆమె తదనంతరం ఆమె వాటా భర్తకు, ఆయన తర్వాత మౌనికకు. పెద్దమ్మ ముఖం వెలిగిపోయింది. "మంచిగ రాసినవ్ బిడ్డా" అని అక్కడికక్కడే సంతకం చేసింది. సాక్షులూ చేశారు. తర్వాత పెద్దబాపు వీలునామా అందుకున్నాను. "నా తదనంతరం నా భార్య..." అన్నానో లేదో, పెద్దమ్మ కాగితం మీద అరచెయ్యి వేసేసింది.

"ఏంది? ఆయన పోయినంక నేనుంటనా? నా పసుపు కుంకుమలు తీసేసి నన్ను కూసోబెడుతున్నవా, నా ఇంట్లనే?"

పసుపు కుంకుమలతో, మొగుడి కంటే ముందే పోవాలన్నది పెద్దమ్మ జీవితాశయం. అది అందరికీ తెలుసు. దాన్ని నేను నల్లటి అక్షరాల్లో కాలరాశానని మాత్రం నాకు తట్టలేదు.

"పెద్దమ్మా, గిది ఉత్త రాత."

"రాతే కద జరిగేది! ఇంట్ల తథాస్తు దేవతలు తిరుగుతుంటరు. ఎవరన్న ఆ మాట విని తథాస్తు అన్నరనుకో? నేను లేనట్టే రాయి. ఆయనది సీదా పిల్లకే రాయి."

అప్పటిదాకా నోరు విప్పని పెద్దబాపు లేచి నిలబడ్డాడు. "నేనే ముందు పోతే? నీకు ఈ ఇంట్ల గజం జాగ ఉండద్దా? గట్లయితే నేను సంతకం పెట్ట. ఏం చేసుకుంటవో చేసుకో."

"నేను రోడ్డున పడ్తనా? నా పిల్ల నన్ను చూడదా?"

"చూస్తది. కాని నా మొగోడు నాకు రాసిపెట్టిండని నీకుండాలె కదనే!"

డాక్టరుగారు పైకప్పు వైపు చూశారు. మౌనిక గుడ్ల నీళ్ళతో, "నాకేం వద్దు, మీరు కొట్లాడకుండ్రి" అంది. ఆ మాట విన్నాకే పెద్దమ్మ దిగొచ్చింది. ఆ రోజు ఆ కాగితం పూర్తి కాకపోతే ఇక ఎప్పటికీ కాదని మాకందరికీ తెలుసు. అందరికంటే ఎక్కువ ఆమెకే తెలుసు. గోడ వైపు చూపు తిప్పింది.

"భాయ్, ఆ ఒక్క కాయితం మీ ఇంట్ల సంతకం పెట్టుకోండ్రి. ఇది నా గడప లోపల వద్దు. మీ ఇంట్ల మా దేవతలు తిరగరు."

చాచా గడ్డం నిమురుకున్నాడు. "భాభీ, తథాస్తుకు మా దగ్గర ఆమీన్ అంటారు! జర సోచాయించు!"

"అయితే అననియ్యకు!"

అలా మేమంతా ఊరేగింపుగా పక్కింటికి బయలుదేరాం. ముందు పెద్దబాపు, వెనక పసుపు కాగితంతో నేను, ఆ వెనక డాక్టరుగారు. చాచా గుమ్మంలో నిలబడి లోపలికి గట్టిగా చెప్పాడు: "సునో, పది నిమిషాలు ఈ ఇంట్ల ఎవ్వరూ ఆమీన్ అనొద్దు!" నేను ఆ వాక్యం చదువుతుంటే గోడ అవతల నుంచి మిక్సీ చప్పుడు. చదవడం అయ్యేదాకా ఆగలేదు. తిరిగొచ్చి చూస్తే మిక్సీ గిన్నెలో ఏమీ లేదు. ఆ మాట చెవిన పడకూడదని పెద్దమ్మ ఖాళీ గిన్నె తిప్పుతూ నిలబడింది. "అయిందా?" అంది. "అయింది" అన్నాను. "అయితే తిందురు రాండ్రి!" ఆ పూట బగారా అన్నం తిన్నంత ఆనందంగా నేను మళ్ళీ ఎక్కడా తినలేదు. ఆస్తి పోగొట్టుకున్న వారసుడికి ఆమె రెండు ముక్కలు ఎక్కువే వేసింది.

ఆమె పోయాక పదో రోజున దూరపు బంధువు ఒకాయన ఉండబట్టలేక అడిగేశాడు: "ఇల్లు ఇగ ఎవరికి?" నేను పెద్దమ్మ వీలునామా తీసి చదివాను. మా నాన్న లేచి వెళ్ళి మౌనిక ముందు నిలబడ్డాడు. "బిడ్డా, ఇగ నీ ఇంటికి వచ్చినం. ఛాయ్ పెడ్తవా?" మౌనిక ఏడుస్తూనే పెట్టింది. చక్కెర వెయ్యడం మరిచిపోయింది. అందరం బాగుందన్నాం.

బంధువులంతా వెళ్ళాక పెద్దబాపు తన కాగితం తెచ్చాడు. "పెద్దబాపూ, ఇందులో పెద్దమ్మ పేరు ఇక అవసరం లేదు. కొత్తగా సాఫ్‌గా రాద్దామా?" అన్నాను.

"అట్లనే ఉంటే పిల్లకు ఏమన్న అడ్డమా?"

"లేదు."

"అయితే ముట్టకు. ఉండనీ."

కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో దొరక్క కాగితాన్ని మౌనికకు అందించాడు. "మీ అమ్మ పేరున్న కాడికెళ్ళి చదువు బిడ్డా." మౌనిక అరుగు మీద ఆయన పక్కన కూర్చుని, మొదటిసారి బడికెళ్ళిన పిల్లలా కూడబలుక్కుంటూ చదివింది: "నా తదనంతరం నా భార్య..." అంతలో ఇంటి మీదుగా విమానం పోయింది. మిగిలిన మాటలు వినపడలేదు. పెద్దబాపు చెయ్యి ఎత్తి ఆగమన్నాడు. చప్పుడు తగ్గేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు. తగ్గాక ఆయన తల ఊపాడు. మౌనిక మళ్ళీ మొదటి నుంచి అందుకుంది.